వీపు మీది కిట్

విమానం మంచులో దిగబడి తోక విరిగింది. ఆపదలో ప్రాణం నిలుపుకోవడానికి మనిషికొకటి ఇచ్చే కిట్లలో తోకలో ఉన్నది దాంతోనే పోయింది.

మిగిలింది ఒక్క కిట్. మనుషులు ఇద్దరు.

పైలట్ టాకెట్ కుర్రవాడు. అలాస్కాలో అతనికిదే మొదటి చలికాలం. మెకానిక్ సార్జెంట్ లిండ్‌క్విస్ట్ ఆ చలిలో ముదిరినవాడే గానీ, ఇప్పుడు కాలు విరిగి కదల్లేకుండా పడి ఉన్నాడు.

టాకెట్ కిట్ విప్పాడు. అగ్గిపెట్టె, కొవ్వొత్తులు, ఎండుమాంసం దిమ్మ, మడత తుపాకి, ఈకలు కుక్కిన నిద్రసంచి.

“సంచిలోకి నువ్వు దూరు సార్జెంట్.”

“వంతులు వేసుకుందాం సార్. మీరు గడ్డకట్టారంటే మోసుకెళ్ళడం నా వల్ల కాదు, కాలు విరిగినోణ్ణి.”

ఇద్దరూ నవ్వబోయారు. పళ్ళు టకటకలాడాయి తప్ప నవ్వు రాలేదు.

రేడియో మూగబోయింది. ఉత్తరాన గాలి లేస్తోంది. సంచి ఒకటే అయితే తెల్లారి లేచేది ఒక్కడేనని ఇద్దరికీ తెలుసు.

మధ్యాహ్నం వేళ లిండ్‌క్విస్ట్ తల ఎత్తాడు.

“సార్, ఎవరో వస్తున్నారు!”

టాకెట్‌కి ప్రాణం లేచి వచ్చింది. తోలు కోటు తొడుక్కున్న ముసలాయన మంచులో మెల్లగా నడిచి వస్తున్నాడు. ఈ తీరంలో వేటాడుకునే మనిషే.

అతని వీపు మీద మూట కనబడగానే టాకెట్ అటు వేలు చూపించాడు.

“అది మనవాళ్ళ కిట్టే కదూ?”

“మనవాళ్ళదే సార్. అదే గుడ్డ, అవే పట్టీలు. ముద్ర కూడా మన వాయుసేనదే.”

“వాడి దగ్గరికెలా వచ్చింది?”

“కిట్ ఎవరికైనా ఇస్తే మనకి శిక్ష. అయినా బతికున్నవాడెవడూ దాన్ని వదలడు సార్.”

“అంటే?”

“అంటే దాని సొంతదారు బతికి లేడు.”

పోయినేడు చలికాలంలో రెండు విమానాలు ఇటే వచ్చి మాయమయ్యాయి. వాటిలోవాళ్ళ శవాలు కూడా దొరకలేదు. టాకెట్ అది తలుచుకున్నాడు. మడత తుపాకి విప్పాడు.

“ఆగు! అక్కడే ఆగు!”

గాలి ఆ మాట ఎగరేసుకుపోయింది.

ముసలాయన చెయ్యెత్తి ఆకాశం చూపించాడు. మూట దించి, అందులోని నిద్రసంచి తీసి మంచు మీద పెట్టాడు. తర్వాత నడుము దగ్గర చెయ్యి పెట్టి మూరెడు కత్తి లాగాడు.

“సార్, కత్తి!”

టాకెట్ కాల్చాడు. ఎండుపుల్ల విరిగినంత చప్పుడైంది.

ముసలాయన కూలబడ్డాడు. కాసేపటికి లేచి, వాళ్ళిద్దరి వంకా చూశాడు. సంచిని అక్కడే వదిలేసి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

“తగిలిందా సార్?”

“తగిలితే నడుస్తాడా?”

“పోయి పదిమందిని తెస్తాడేమో సార్.”

టాకెట్ తుపాకిలో ఇంకో గుండు పెట్టాడు. అతని భయమూ అదే.

“ఆ సంచి తెండి సార్. చచ్చినోడిదైతే ఏం, వెచ్చగానే ఉంటుంది.”

టాకెట్ పాక్కుంటూ వెళ్ళి తెచ్చాడు. చెరో సంచిలో దూరి, తుపాకి మధ్యలో పెట్టుకుని, గాలి మోతకల్లా ఉలిక్కిపడుతూ బిక్కుబిక్కుమంటూ గడిపారు.

మర్నాడు వెలుగు రాగానే అడుగుల చప్పుడైంది. టాకెట్ మళ్ళీ తుపాకి ఎత్తాడు.

“దించవయ్యా, మనవాళ్ళమే,” అన్నాడు కెప్టెన్ బ్రాడక్. వెతకడానికి పంపే విమానం ఆయనది; దాన్ని దగ్గరి ఊళ్ళో దింపి, అక్కణ్ణించి కుక్కలు లాగే బండి మీద వచ్చాడు.

“మేమిక్కడున్నామని ఎవరు చెప్పారు సార్?”

“అక్పిక్ అని ఒక ముసలాయన. ఊరు చేరి, రేడియో ఉన్న బడి గుమ్మంలో పడిపోయాడు. చోటు చెప్పి, ‘గాలికి అడ్డంగా గోడ కట్టలేకపోయాను, త్వరగా పోండి’ అన్నాడు.”

“గోడా?”

“మంచు దిమ్మలు కోసి పేరుస్తారు. అందుకో పొడుగాటి కత్తి ఉంటుంది వాళ్ళ దగ్గర.”

టాకెట్ తుపాకిని పక్కకి నెట్టేశాడు.

“ఆయనకి... ఏమైనా దెబ్బ...”

“పొట్టలో గుండు. ఎవరు కాల్చారని అడిగితే తన తుపాకే పేలిందన్నాడు. తుపాకి తీసుకెళ్ళనేలేదని ఆయన భార్య చెప్పింది.”

“ఇప్పుడెలా ఉన్నాడు సార్?”

“తెల్లారకముందే పోయాడు.”

లిండ్‌క్విస్ట్ మొహం సంచిలోకి దాచుకుని భోరుమన్నాడు.

“నేనే సార్,” అన్నాడు టాకెట్. “వీపు మీద మన కిట్ ఉంది. మనవాణ్ణెవరినో చంపి తెచ్చుకున్నాడనుకున్నాను. భయం వేసింది సార్.”

కెప్టెన్ తిట్టలేదు. వంగి లిండ్‌క్విస్ట్ మీద ఉన్న సంచిని మెల్లగా నిమిరాడు.

“ఇది నాదే. ఇవ్వకూడదని తెలిసీ నేనే ఆయనకిచ్చాను. మంచులో పోయిందని పైవాళ్ళకి అబద్ధం చెప్పాను.”

టాకెట్ తల ఎత్తి చూశాడు.

“నా విమానం కూలిన రోజు నేనూ ఆయన మీదికి తుపాకి ఎత్తానయ్యా,” అన్నాడు కెప్టెన్. “వేళ్ళు కొయ్యబారి నొక్కలేకపోయాను గానీ, లేకపోతే నన్ను వీపు మీద మోసుకెళ్ళి బతికించిన మనిషిని ఆనాడు నేనే చంపేసి ఉండేవాణ్ణి.”