ఎనిమిది వేళ్ల పగడం

"లెక్కపెట్టు డాక్టరూ, ఎన్ని వేళ్లున్నాయి?" భూతద్దం అందిస్తూ అడిగారు మాస్టారు.

"ఎనిమిది. పోయిన ఆదివారమూ ఎనిమిదే కదండీ!" విసుక్కున్నాడు కళ్ల డాక్టరు.

"ఎనిమిదుంటే మెత్త పగడమే. సందేహం లేదు."

సందేహం ఎవరికుంది? డాక్టరు హాల్లోని ఉప్పునీటి తొట్టెలో, సరిగ్గా అదే రాతి మీద, ఆ గులాబిరంగు పీడ మూడు నెలలుగా మొలుస్తూనే ఉంది. ప్రతి ఆదివారం రాయి బయటికి తీసి, బ్లేడుతో మొదలంటా ఒలిచి, బ్రష్షుతో తోమినా, వారం తిరిగేసరికి సిగ్గూ ఎగ్గూ లేకుండా మళ్లీ చేతులూపుతోంది. పక్కనే అతను ప్రాణంగా పెంచుకుంటున్న గట్టి పగడం దాని నీడలో పాలిపోతోంది.

"ఆవగింజంత ముక్క మిగిలినా చాలు, మళ్లీ వచ్చేస్తుంది," అన్నారు మాస్టారు. ఎదురింట్లో ఒంటరిగా ఉంటారాయన. ఒకప్పుడు కాలేజీలో జువాలజీ చెప్పేవారు. డాక్టరూ భార్యా డ్యూటీలకు పోతే, మధ్యాహ్నం ఈ ఇంటి తాళం తీసి చేపలకు మేత వేసేది కూడా ఆయనే. ఒలిచిన ముక్కల్ని ఎప్పటిలాగే మూత సీసాలో వేసుకున్నారు. "ప్రాణమున్నవి, పారేయకు. మా తొట్టెలో బతుకుతాయి."

"ఈపాటికి మీ తొట్టె కిక్కిరిసిపోయి ఉండాలే!"

"ఏదో, సర్దుకుంటున్నాయి," అంటూ మాస్టారు రెండో కప్పు కాఫీ అందుకున్నారు. ఆదివారం వచ్చారంటే భోజనాల వేళ దాకా ఆయన కుర్చీ వదలరు.

డాక్టరు భార్య వంటింట్లోంచి వచ్చింది. "ఊరందరికీ చూపు తెప్పిస్తారు, ఒక్క రాయి శుభ్రం చేయలేరు! ఇంకొక్కసారి అది మొలిచిందా, ఈ తొట్టెను మా తమ్ముడింటికి పంపేస్తాను. మీరూ వెంట వెళ్తానంటే మరీ మంచిది."

ఆమె అన్నదంటే చేసి తీరుతుంది. మాస్టారు కాఫీ కప్పు కింద పెట్టేశారు.

"అంతపని చేయకమ్మా," అన్నారాయన.

మరుసటి ఆదివారం రాయి నున్నగా ఉంది. ఆపై ఆదివారమూ అంతే. గట్టి పగడానికి రంగు తిరిగింది. డాక్టరు ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఒలిచే పని లేదనేమో, మాస్టారు మాత్రం ఆ రెండు ఆదివారాలూ ఇటు రాలేదు.

ఆయన రుణం ఉంచుకోకూడదని డాక్టరు గట్టి పగడం కొమ్మొకటి కత్తిరించి, గ్లాసుడు ఉప్పునీళ్లలో వేసుకుని, నాలుగేళ్లలో మొదటిసారి ఎదురింటి తలుపు తట్టాడు.

"మీ తొట్టెలో పెట్టుకోండి మాస్టారూ! ఏదీ, ఎక్కడుంది?"

"ముందు కూర్చో, కాఫీ పెడతాను," అంటూ మాస్టారు గ్లాసు అందుకున్నారు. డాక్టరు హాలంతా చూశాడు, పడగ్గది చూశాడు, వంటింట్లోకీ తొంగిచూశాడు. గట్టు మీద తమ ఇంటి తాళంచెవి పక్కనే ఆ మూత సీసా ఖాళీగా ఉంది.

ఆ ఇంట్లో అసలు తొట్టే లేదు.