భుజం మీద చెయ్యి

ఎడమచేత్తో భార్య భుజం అదిమిపట్టి, కుడిచేత్తో చెంపలు వాయించాడు. చొక్కా చేతి మీద రెండు ఇస్త్రీ గీతలు పడ్డాయట, అదీ ఆమె చేసిన నేరం. మూడో దెబ్బకి పెదవి చిట్లింది.

“లిప్‌స్టిక్ కాస్త దట్టంగా వేసుకో. పదింటికల్లా హాల్లో ఉండాలి,” అన్నాడు చెయ్యి విదిలించుకుంటూ.

హాలు నిండా జంటలే. కాపురాలు చక్కదిద్దే శిక్షకుడిగా అతనికి మహా పేరు.

“ఒక స్పర్శని ఒకే అనుభవంతో మళ్లీ మళ్లీ ముడిపెట్టండి. కొన్నాళ్లకి తాకితే చాలు, ఆ అనుభవం దానంతటదే పైకొచ్చేస్తుంది. దీన్నే యాంకరింగ్ అంటాం. మా ఆవిడతో పదేళ్ల సాధన నాది, చూడండి!”

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వుతూనే వేదిక ఎక్కింది.

అతను ఎడమచెయ్యి ఆమె భుజం మీద వేశాడు. “చెప్పు, ఇప్పుడెలా ఉంది? హాయిగా ఉందా?”

పెదవుల మీద నవ్వు ఇంకా ఉండగానే, ఆమె రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది.

హాల్లో నవ్వులు ఠక్కున ఆగిపోయాయి.

మైకు పట్టుకున్న అతని కుడిచెయ్యి అప్పటికే గాల్లోకి లేచి ఉంది. అదెప్పుడు లేచిందో తెలియక, అతను కూడా అందరితోపాటు దానివైపే చూస్తున్నాడు.