పగిడయ్య అడిగిన యాడ్

"ఈసారి యాడ్ ఇయ్యనన్నా. పేపరు ఎవరు చదువుతున్నరు?" గల్లాపెట్టె దగ్గర నుంచి లేవకుండానే అంది సునంద.

విలేకరి పగిడయ్య చెమట తుడుచుకున్నాడు.

"వార్షికోత్సవం స్పెషల్ అమ్మా. టార్గెట్ కాకపోతే నన్ను తీసేస్తరు. చిన్నదైనా సరే, నీ మెస్ పేరు..."

"నా మెస్ పేరు 'మణుగూరు ముచ్చట్లు' ఇన్‌స్టా పేజీల చూడు. సంపత్ రీల్ తీసిండు. షిఫ్టు దిగినోళ్లు బొగ్గు బాయి నుంచి సీదా ఈడికే వస్తున్నరు. మీకిచ్చేది ఈసారి సంపత్‌కే ఇచ్చేసిన."

తింటున్నవాళ్లు నవ్వారు. సునందకు ఊపొచ్చింది.

"ఏంది గట్ల చూస్తవ్? యాడ్ ఇయ్యకపోతే నా మీద ఉల్టా రాస్తవా? రాసుకో పో!"

అలా బెదిరించి యాడ్లు దండుకునేవాళ్లను ఆమె చాలామందినే చూసింది.

పగిడయ్య ఏదో అనబోయి ఆగాడు. "వస్తనమ్మా" అని మెట్లు దిగాడు.

వానలు పట్టిన వారంలో ఒక పొద్దున సునంద ఫోను ఆగకుండా మోగింది.

తెరిస్తే ఒక ఫొటో. స్టీలు పళ్లెం. సాంబారులో బల్లి. కింద 'సునంద మెస్' అని అక్షరాలు. పెట్టింది సంపత్ పేజీలోనే.

సంపత్ దగ్గరికి ఉరికింది.

"నేను విస్తరాకుల పెడుత గదరా! స్టీలు పళ్లెం నా మెస్‌ల ఎన్నడన్న చూసినవా?"

"ఎవరో పంపిన్రక్కా, పెట్టిన. నీ రీల్ కంటే దీనికే వ్యూస్ ఎక్కువొచ్చినయ్."

"జల్దీ తీసెయ్!"

"తీసేస్త. గ్రూపులల్లకు పోయినదాన్ని నేనేం జేయాలె?"

మధ్యాహ్నానికి బల్లలన్నీ ఖాళీ. వండిన అన్నం గొడ్లకు పోసింది. వారం తిరగకముందే వంటమనిషి గురవమ్మ కూడా వేరే హోటల్లో కుదిరింది.

అచ్చులో వస్తే జనం నమ్ముతారనిపించింది. పేపరు ఏజెంటు కిషన్‌లాల్ దగ్గరికి పరుగెత్తింది.

"పగిడన్నను పిలువు. ఇది అబద్ధమని రాయమను. ఎంత పెద్ద యాడైనా ఇస్త."

"ఇంకెక్కడి పగిడన్న? టార్గెట్ కాలేదని తీసేసిన్రు. భద్రాచలంల లాడ్జి వాచ్‌మన్‌గా పోయిండు. ఈడ రాసెటోడే లేడు."

సునంద ఫోను ముందు పెట్టింది. కిషన్‌లాల్ ఆ ఫొటో చూసి తల కొట్టుకున్నాడు.

"ఇది నిరుడే నీ మెస్ పేరుతోటి పగిడయ్యకు వచ్చింది చెల్లె. నీ దగ్గర తిని, వంటిల్లు చూసి, నీ మెస్‌ది కాదని తేల్చుకున్నడు. మిగతా పేపరోళ్లను బతిమాలి ఎక్కడా రానియ్యలే."

"మరి యాడ్ అడగొచ్చిననాడు నాకో మాట చెప్పొద్దా?"

"నేనూ గదే అడిగిన. చెప్తే బెదిరించి యాడ్ గుంజినట్టయితదన్నడు."