వాగు పేరు

చెప్పులు చేత్తో పట్టుకుని, మోకాళ్ళదాకా బురదతో వచ్చిన ఆ ముసలాయన్ని చూడగానే మార్కుకు ఒళ్ళు మండింది.

అతని రెండెకరాల మిరప, నిలిచిన నీళ్ళలో ఉరకెత్తి, వేళ్ళు కుళ్ళి చచ్చి వారం కాలేదు.

చేను పక్కగా పారి గుండ్లకమ్మలో కలవాల్సిన వాగును కిందిచేలవాళ్ళు పూడ్చి పత్తి వేసుకున్నారు. నీళ్ళు వెనక్కి తిరిగి మార్కు చేలో పడుతున్నాయి. అడిగితే వాళ్ళు, కాగితాల్లో ఇది వాగు కాదు, మురుగు కాలవ, పూడిస్తే తప్పు లేదన్నారు. నలుగురు అధికారులు వచ్చి, ఫొటోలు తీసుకుని పోయారు.

ఇతను ఐదోవాడు.

"ఈ వాగును మీ ఊళ్ళో ఏమంటారండీ?" నోటుబుక్కు తెరిచి అడిగాడు ముసలాయన.

మార్కు చచ్చిన మొక్కల్ని పీకి గట్టు మీదికి విసురుతూనే ఉన్నాడు.

వాగు పుట్టిన కొండ దగ్గర్నుంచీ నడిచి వస్తున్నానన్నాడాయన. పై ఐదూళ్ళలో దానికి ఐదు పేర్లున్నాయట. ఒకచోట జిల్లేళ్ళవాగు, ఇంకోచోట తెల్లవాగు. ఊరికొక రైతు వాగు పేరు చెప్పి తన అర్జీ మీద సంతకం పెడితే, అంతా ఒకే వాగని రుజువై, పూడ్చినచోట తవ్విస్తారట. మిగిలింది ఈ ఊరొక్కటేనట.

"ఎవరు పంపారు నిన్ను?"

"ఎవరూ పంపలేదండీ."

"అయితే తోచక తిరుగుతున్నావా? నా చేను చచ్చింది. శవానికి పేరు పెట్టడానికొచ్చావా?"

"మీ కోపం న్యాయమే. పేరొక్కటి చెప్పండి."

"మురుగు కాలవ. రాసుకో. మా ఊళ్ళో అదే పేరు."

ఆ మాటకు ఆయన చెంపదెబ్బ తిన్నట్టు చూశాడు. ఏమీ రాయలేదు. నోటుబుక్కు సంచిలో పెట్టుకుని, గట్టు వెంబడి వెళ్ళిపోయాడు.

రెండు నెలలకు ఉత్తర్వు వచ్చింది.

పై ఐదూళ్ళలో వాగును తవ్వి వెడల్పు చేస్తారు. ఆరో ఊరి నుంచి సాక్ష్యం లేదు గనక ఇక్కడ కాలవ కాలవగానే ఉంటుంది. అంటే, పై నీళ్ళన్నీ ఇంకా జోరుగా వచ్చి మార్కు చేలోనే ఆగుతాయి.

మార్కు ఆఫీసుకు వెళ్ళి అరిచాడు. గడువు దాటిందన్నారు. అర్జీ పెట్టినాయన మళ్ళీ వచ్చి అడిగితేనే చూస్తామన్నారు. అర్జీ మీద పేరు త్యాగరాజు, ఊరు అద్దంకి.

ఆ పూటే బస్సెక్కాడు.

తలుపు తీసిన త్యాగరాజు కూతురు రచన, నాన్న పోయి పదహారు రోజులైందని చెప్పింది.

మార్కు గడప దగ్గర చెప్పులు విడిచాడు.

"మా వాగు పేరు పిల్లేరు, అమ్మా," అన్నాడు. "మా అమ్మ దాన్ని పిల్లేరు అనేది. ఆ రోజు ఒళ్ళు తెలియని కోపంలో నోరు జారాను. ఇంతకీ మా వాగు కోసం ఆయనెందుకమ్మా అన్ని ఊళ్ళు నడిచాడు?"

"నాన్న సర్వేయరుగా చేశారండీ," అంది రచన. "ముప్పై ఏళ్ళ కిందట, వాగు వెంట ఒక్క అడుగు కూడా నడవకుండా, ఆఫీసులో కూర్చుని దాన్ని మురుగు కాలవని రాసింది ఆయనే."