కల్లు చల్లిన పెట్టె

"పెట్టె ఎక్కడ, కంపాద్రే?"

లింబెర్ట్ గుమ్మంలో అడుగు పెట్టకముందే కసిల్దా మీద పడింది. బల్ల మీద ఉండాల్సిన ఎస్సెస్డీ పెట్టె, రికార్డింగులన్నీ దాచేది, లేదు. దానికి చుట్టిన రంగుకాగితాల తోరణం మాత్రం తెగి వేలాడుతోంది.

"నన్నడుగుతావేంటి కొమాద్రే? నువ్వు రమ్మంటేనేగా పరిగెత్తుకొచ్చాను!"

"ఈ రేడియో గదికి తాళాలు రెండే. ఒకటి మా ఇంట్లో మేకుకి ఉంది. రెండోది నీ బెల్టుకి!"

లింబెర్ట్ మొహం పాలిపోయింది. ఆమె కొడుకు జ్ఞానస్నానానికి జ్ఞానతండ్రిగా నిలబడినవాడు అతను. ఆనాటి నుంచీ కంపాద్రే, కొమాద్రే అనుకోవడమే గాని ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకున్నది లేదు. కోచబాంబా కొండల్లోని ఆ చిన్న ఊరి రేడియోలో మాట్లాడేది ఆమె, యంత్రాలు చూసేది అతను.

పోయింది మామూలు పెట్టె కాదు. గనుల కంపెనీ ఇంజనీరు పోయిన వారం ఇదే గదిలో కూర్చుని, మైకు ఆపేశారనుకుని నోరు జారాడు. పైన ఆనకట్ట కట్టాక ఊరి ఊటలో చుక్క మిగలదని నవ్వుతూ చెప్పాడు. ఇప్పుడు నేననలేదంటున్నాడు. మధ్యాహ్నం ఊరంతా సభకి వస్తుంది. నీటి సంఘానికి పెద్ద తోరిబియో, కసిల్దాకి సొంత అన్న, ఆమె ఇంట్లోనే ఉంటాడు. రికార్డింగ్ వినిపిస్తే ఊరు కంపెనీని తరిమేస్తుంది. లేకపోతే కంపెనీ ఒప్పందం కాగితాల మీద సంతకం పడుతుంది, ఊట ఎండుతుంది.

"ఏమిస్తామన్నారు నీకు? కంపెనీ జీపు ఎక్కిస్తామన్నారా?"

"అంత మాటనకు. నీ బిడ్డ మీద ఒట్టు, నాకేం తెలీదు."

"నా బిడ్డ మీద ఒట్టేస్తావా? ఆ ఊట నీళ్ళు తాగేగా వాడు బతకాలి!" కసిల్దా కళ్ళొత్తుకుంది. "ఇదివరకు వాడిన పాత మెమరీ కార్డులోనైనా లేదా?"

"అది చావడానికి సిద్ధంగా ఉందనేగా కంప్యూటర్ని నడిపే లినక్సూ, పాటలూ, మొత్తం సిస్టమంతా పెట్టెలోకి మార్చాం. తర్వాత రికార్డు చేసినవన్నీ పెట్టెలోకే పోతాయి. కార్డులో ఉన్నది పాత సరుకే."

కసిల్దా నేల మీద కూలబడింది. "పరాయివాడు చేస్తే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. నువ్వు చేశావు కంపాద్రే. నమ్మి తాళం చేతికిచ్చాను నీకు."

లింబెర్ట్ తల పక్కకి వంచి ఏదో వింటున్నాడు. ప్రసారం ఇంకా మొదలవలేదు గాని, తలుపు తీయగానే కసిల్దా అలవాటుగా పెట్టిన పాట గదిలో స్పీకర్లోంచి వస్తూనే ఉంది.

"కొమాద్రే, ఆ పాట ఎక్కణ్ణుంచి వస్తోంది?"

"నేనేడుస్తుంటే నీకు పాట కావాల్సొచ్చిందా?"

"ఏడుపాపి విను. పెట్టె పోతే సిస్టమ్ పోవాలి. సిస్టమ్ పోతే ఇది మూగబోవాలి. మరి ఎలా పాడుతోంది?"

అరచేయంత కంప్యూటర్ని మెల్లగా ఎత్తి అడుగున చూశాడు. పాత కార్డు గాడిలో అలాగే ఉంది. లింబెర్ట్ నెత్తి కొట్టుకున్నాడు.

"పెట్టె వచ్చిన రోజు చల్యా చేశాం, గుర్తుందా?"

గుర్తు లేకేం! కొత్త వస్తువొస్తే దాని మీద ఇంత కల్లు చల్లి, భూమితల్లికి ఇంత పోసి, మిగిలింది తాము తాగందే పని మొదలుపెట్టే ఊరు కాదది. సిస్టమ్ కాపీ అవుతుండగానే తోరిబియో మొక్కజొన్న కల్లు కుండ దింపాడు, ముంతలు తిరిగాయి.

"కాపీ అయ్యాక కంప్యూటర్ ఆపి, కార్డు పీకి, మళ్ళీ స్విచ్చెయ్యాలి. నేను ముంత ధ్యాసలో పడి కార్డు పీకడం మర్చిపోయాను. కార్డు ఉన్నంతవరకూ ఇది కార్డుతోనే నడుస్తుంది. మనం పెట్టెకి దండం పెడుతున్నాం, చాకిరీ చేస్తున్నది ముసలి కార్డు!"

"అయితే ఆ ఇంజనీరు మాటలు..."

లింబెర్ట్ వెతికి మీట నొక్కాడు. ఇంజనీరు నవ్వు గదంతా వినిపించింది. చుక్క మిగలదు అన్న మాట కూడా.

కసిల్దా నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. లింబెర్ట్ చెయ్యి పట్టుకుంది. "చెప్పుతో కొట్టు కంపాద్రే నన్ను."

"కొడతాలే, సభ అవనీ. దొంగవెధవ ఎవడోగానీ, నా తాగుడు ముందు ఓడిపోయాడు. పెట్టె పోయిన సంగతి ఊళ్ళో ఎవరికైనా చెప్పావా?"

"లేదు. చూడగానే నీకు ఫోన్ చేశానంతే, అదీ రమ్మనే అన్నాను."

"మంచి పని చేశావు. ముందు మీ అన్నకి చెప్పు. పాపం, ఈ సభ కోసం ఎంత తిరుగుతున్నాడో."

కసిల్దా కళ్ళు తుడుచుకుని నంబరు నొక్కింది. సంతోషం పట్టలేక మళ్ళీ ఏడుపొచ్చేసింది. "అన్నా..." అంది, అంతే.

"ఏడవకు తల్లీ," అన్నాడు తోరిబియో అవతలి నుంచి, ఎంతో ప్రేమగా. "పెట్టె పోయిందని నిన్నెవరూ ఏమీ అనరు. నేనున్నాగా."