బండ సందులో చుక్కలది

"కోనం సేప తలకాయ ఏదీ?" అంది గంగాలమ్మ, మొగుడి దారికి అడ్డంగా నిలబడి.

దాలయ్య చేతిలోని గుడ్డమూటను వీపు వెనక్కి దాచుకున్నాడు. పెళ్ళాం ఎదురుగా మూట దాచడమంత తెలివితక్కువ పని ఇంకొకటి లేదు. పైగా అందులోంచి నెత్తుటి నీళ్ళు కారుతున్నాయి.

"పులుసుకని నాను అట్టిపెట్టుకున్న తల! ఎవులికి మోసుకెల్తన్నావు?"

"ఎవులికీ కాదే. రాళ్ళకాడ పాము సేపకి."

జాలారిపేట ఆడవాళ్ళు నలుగురు పనులాపి ఇటు తిరిగారు. గంగాలమ్మకు ఒళ్ళు మండిపోయింది. 'నీ మొగుడు రాళ్ళకాడ ఎవుతినో "రాయే బంగారం" అని పిలుత్తన్నాడే' అని పక్కింటి పోతమ్మ చెప్పిన దగ్గర్నించీ ఆమెకు అన్నం సహించడం లేదు.

"పాము సేపకాడికి తల దువ్వుకుని ఎల్తారేటి? ఉక్కు ఫేక్టరీ కడతన్నారు, పన్లోకి రా బావా అని మా అన్న మొత్తుకుంటే, సముద్రాన్ని ఒదల్నేనన్నావు. అది ఇందుకా?"

"ఒలే, నమ్మకపోతే రా. సూపిత్తాను," అన్నాడు దాలయ్య రోషంగా.

"పద. నీ సుందరాంగిని నానూ సూత్తాను."

సముద్రం బాగా వెనక్కి తీసింది. నాచుపట్టిన బండల మధ్య మోకాటిలోతు నీళ్ళు మిగిలాయి. దాలయ్య ఒక సందు దగ్గర చతికిలబడి వేలు చూపించాడు. గంగాలమ్మ వంగి చూసి, "అమ్మ నూకాలమ్మతల్లో!" అని వెనక్కి గెంతింది.

సందులో ఒక తల. దాని వెనక చెయ్యి మందాన మెడ. పొలుసన్నది లేని జిడ్డు ఒళ్ళు, తెల్లటి ఒంటినిండా నల్లటి చుక్కలు. సూదుల్లాంటి పళ్ళు బయటపెట్టి నోరు తెరుస్తోంది, మూస్తోంది, మళ్ళీ తెరుస్తోంది.

"కరుత్తదేటి, మావా?"

"అది ఊపిరి తీసుకోడమే. కదిపితే మాత్తరం, పట్టిన యేలు ఒదల్దు. కళ్ళు సరిగా అవుపడవు దీనికి. పగలంతా ఈ సందులోనే పడుంటాది. దీని పక్కనే రాళ్ళ రొయ్యలు కాపరముంటాయి. ఇది ఇక్కడుంటేనే అయ్యి నాకు దొరుకుతాయి, అందుకే మేపుతన్నాను."

గంగాలమ్మ గుండెల మీద బరువు దిగిపోయింది. దిగిన చోటే ఇంకో మంట లేచింది. ఈ చుక్కల మొహానికా తన పులుసు తలకాయ! తనను ఏనాడైనా 'బంగారం' అన్నాడా ఈ మనిషి?

"ఏదీ, పిలు. సూద్దాం."

దాలయ్య మూట విప్పి, చేప తలలోంచి ఒక ముక్క పీకి నీళ్ళలో ఆడించాడు. "రాయే బంగారం, రా!" అది లోపలికి జారిపోయింది. మళ్ళీ పిలిచాడు. బతిమాలాడు. ఈల కూడా వేశాడు. రాలేదు.

"రోజూ వత్తాదే! సగం ఒళ్ళు బయటెట్టి సేతిలోది తింటాది. ఇయ్యాల నిన్ను సూసి సిగ్గుపడతంది."

"నీ మొకం. ఇలా తే."

గంగాలమ్మ ముక్క లాక్కుని, చెంగు దోపుకుని, చెయ్యి నీళ్ళలోకి దించింది. గాజులు బండకు తగిలి గలగలమన్నాయి.

అది జర్రున వచ్చింది. మూరెడు ఒళ్ళు బయటపెట్టి, గాజుల పక్కకు తల చేర్చి, ముక్కను మెల్లగా అందుకుంది. గంగాలమ్మ చిన్నపిల్లలా నవ్వింది.

"సూసావా! నాను సెప్పలేదా?" దాలయ్య చంకలు గుద్దుకున్నాడు.

"నిజిమే మావా. ఊరికినే నిన్ను అనుమానపడ్డాను."

ఆ మాటకు దాలయ్య పొంగిపోయి, ఇంకో ముక్క తనే అందించబోయాడు. అది లోపలికి పోయింది. గంగాలమ్మ గాజులు ఆడించింది. వచ్చింది. చెయ్యి ఆపింది. పోయింది. మళ్ళీ ఆడించింది. మళ్ళీ వచ్చింది.

ఆమె నవ్వు ఆగిపోయింది. చెయ్యి నీళ్ళలోనే ఉంచి మొగుడి వంక తిరిగింది.

"రోజూ దీనికి మేత పెడతన్న గాజుల సెయ్యి ఎవులిది, మావా?"