నా గొంతులో తాత

ముటారే పట్నంలో కాలేజీలో చదువుతుండగా, ఆడపిల్లనైన నా గొంతు మగవాడి గొంతులా బొంగురుపోయింది. సెలవులకు ఇంటికొచ్చి "అత్తా, ఆకలేస్తోంది" అనగానే మా మేనత్త మోకాళ్లమీద కూలబడి, భక్తిగా చప్పట్లు కొట్టింది.

"వచ్చావా నాయనా. పోయిన పదేళ్లకా మేం గుర్తొచ్చింది?"

చనిపోయిన పెద్దలు మనుమల నోట మాట్లాడటం మా షోనా ఇళ్లలో కొత్త కాదు. సాయంత్రానికల్లా, తాత నన్ను పూనాడని, నాకు నల్లగుడ్డ కప్పి, చేతిలో ముక్కుపొడుం పెట్టి, ఊరి తగవులన్నీ తీర్పుకోసం నా ముందుకు తెచ్చారు.

"ఇది థైరాయిడ్ అత్తా. డాక్టరు మాత్రలిచ్చాడు. నేను కాలేజీకి పోవాలి."

"చూశారా, చచ్చినా మొండితనం పోలేదు మా నాన్నకి. ఈ వయసులో కాలేజీ కావాలట."

గది దాటనివ్వలేదు. మాత్రలు దాచుకుని మింగాను. నాలుగు నెలలకు, ఒక పొద్దున, నా సన్నని గొంతు నాకు తిరిగొచ్చింది. సంచి సర్దుకుని గడప దగ్గరికి వచ్చాను.

"అత్తా, నేను నెట్సాయిని. విను, ఇది నా గొంతే."

అత్త కళ్లు మూసుకుని విన్నది. తర్వాత లేచి, నా చేతిలోని సంచి మెల్లగా అందుకుంది.

"నాన్న ఒక్కడే వచ్చాడేమా, అమ్మను వెంట తేలేదేమా అని బెంగపడ్డాను. నువ్వూ వచ్చావా అమ్మా?"